కంపెనీకి ఫిర్యాదు ఉత్తరం: జవాబు వచ్చేలా ఎలా రాయాలి

కొన్న ఏడాదిలోపే ఏసీ చల్లబరచడం మానేస్తుంది. కాల్ సెంటరుకి ఫోన్ చేస్తే ఒక నంబరు ఇస్తారు. టెక్నీషియన్ వచ్చి చూసి వెళ్తాడు. రెండు రోజులకి 'మీ కంప్లైంట్ క్లోజ్ అయింది' అని మెసేజ్ వస్తుంది, ఏసీ మాత్రం అలాగే ఉంటుంది. మార్చి దాటితే విశాఖలో ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఈ బాధ పడేవాళ్లు కనబడతారు. మళ్లీ ఫోన్ చేస్తే అవతల కొత్త మనిషి ఎత్తుతాడు, అతనికి మొదటినుంచీ చెప్పుకు రావాలి. ఎంత చెప్పినా, ఫోన్‌లో అన్న మాటకి మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు. అందుకే మూడోసారి ఫోన్ ఎత్తే బదులు ఉత్తరం రాయండి. ఈమెయిల్ అయినా, కాగితం అయినా రాసే పద్ధతి ఒకటే.

ఒక విషయం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. మీ ఉత్తరాన్ని కంపెనీ మనిషి ఒక్కడే చదువుతాడనుకోవద్దు. అతను పట్టించుకోకపోతే రేపు హెల్ప్‌లైన్‌లోనో, వినియోగదారుల కమిషన్‌లోనో మూడో మనిషి అదే ఉత్తరం చదువుతారు. ఆ మూడో మనిషికి మీరెవరో తెలియదు, మీ ఏసీని చూసి ఉండరు, మీ కోపంతో వాళ్లకి పని లేదు. ఒక్క ఉత్తరం చదివి, ఏం జరిగిందో, మీకేం రావాలో వాళ్లకి అర్థం కావాలి. ప్రతి వాక్యమూ ఆ మనిషి కోసం రాయండి. ఆ మనిషికి అర్థమయ్యేలా రాసిన ఉత్తరాన్ని పక్కన పెట్టడం కంపెనీకీ కష్టమే.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

చాలా ఉత్తరాల్లో రెండు పేజీల బాధ ఉంటుంది, చివర్లో 'దయచేసి న్యాయం చేయగలరు' అని ఉంటుంది. చదివే ఉద్యోగి దాన్ని ఏం చేయాలి? ఉచితంగా రిపేరు చేయించాలా, కొత్తది ఇవ్వాలా, డబ్బు వెనక్కి ఇవ్వాలా, తప్పుగా వేసిన బిల్లు సరిచేయాలా? అతను పై అధికారి దగ్గర ఆమోదం తీసుకోవాలంటే చేతిలో ఒక స్పష్టమైన కోరిక ఉండాలి. డబ్బు అడిగితే ఎంతో అంకె వేయండి. ఆ అంకె ఎలా వచ్చిందో కూడా చెప్పండి.

కోరిక జరిగిన నష్టానికి తగ్గట్టు ఉండాలి. మొదటిసారి చెడిపోయిన వెంటనే పూర్తి డబ్బు, పైన లక్ష పరిహారం అడిగితే, మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది. అదే లోపం రెండు మూడు రిపేర్ల తర్వాత కూడా తిరిగి వస్తే అప్పుడు 'మార్చి కొత్తది ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి' అనడం పూర్తిగా న్యాయం. అలా అడగడానికి మొహమాటపడొద్దు.

కాగితాలు దగ్గర పెట్టుకోండి

బిల్లుతో మొదలుపెట్టండి. మెషిన్లో వచ్చే నున్నటి కాగితం బిల్లయితే కొన్ని నెలల్లో అక్షరాలు మాయమవుతాయి. కొన్నరోజే ఫోటో తీసి, ఒక జిరాక్స్ కూడా తీయించండి. బిల్లు పోయినా ఆశ వదులుకోకండి. యూపీఐలోనో కార్డు మీదో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది, షోరూం వాళ్ల దగ్గర మీ ఫోన్ నంబరు మీద నకలు దొరుకుతుంది. వారంటీ కార్డులో ఏ భాగానికి ఎంతకాలమో విడివిడిగా రాసి ఉంటుంది. కంప్రెసర్‌కి ఒకటి, కాయిల్‌కి ఒకటి, మొత్తం యంత్రానికి ఇంకొకటి. ఆ పేజీ మొత్తం చదవండి, 'వర్తించనివి' అన్న చిన్న అక్షరాలతో సహా. సీరియల్ నంబరు స్టిక్కర్ ఫోటో కూడా తీసుకోండి. ఔట్‌డోర్ యూనిట్ మీద స్టిక్కరు ఎండకి, వానకి వెలిసిపోతుంది.

టెక్నీషియన్ ఇచ్చే జాబ్ షీటు గురించి గట్టిగా చెప్పాలి. మన కేసు గెలిచేదీ ఓడేదీ ఎక్కువగా అక్కడే. అతను 'చెక్ చేశాను, ఓకే' అని రాసి సంతకం పెట్టమంటాడు. ఎండలో నాలుగిళ్లు తిరిగి వచ్చిన కుర్రాడిని చూసి జాలిపడి చదవకుండానే సంతకం పెట్టేస్తాం. మంచినీళ్లు ఇవ్వండి, మర్యాదగా మాట్లాడండి, కానీ చదివాకే సంతకం పెట్టండి. సమస్య తీరకపోతే సంతకం పక్కన మీ చేతిరాతతో 'ఏసీ ఇంకా చల్లబరచడం లేదు' అని తేదీ వేసి రాయండి. కాగితం ఇవ్వకుండా అంతా ఫోన్ యాప్‌లోనే చేస్తే, అతను వెళ్లిన పది నిమిషాల్లో కంపెనీకి మెయిల్ పెట్టండి: ఈరోజు ఇన్ని గంటలకి మీ మనిషి వచ్చారు, ఇలా చెప్పారు, లోపం అలాగే ఉంది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఇప్పుడు చాలా కంపెనీలు పని పూర్తయినట్టు ఓటీపీ అడుగుతున్నాయి. మీ ఫోన్‌కి వచ్చిన ఆ అంకెలు చెప్పారంటే సమస్య తీరిందని మీరే ఒప్పుకున్నట్టు. 'చెప్పండమ్మా, రేపు పార్టు తెచ్చి వేసేస్తాను' అంటారు. పార్టు వేశాకే చెప్పండి.

ఇవన్నీ ముందు పెట్టుకుని ఒక తెల్లకాగితం మీద తేదీల జాబితా రాయండి. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, కంప్లైంట్ నంబరు ఎంత. ఒక్కో సంఘటనకి ఒక్కో లైను చాలు. ఉత్తరంలో సగం పని దీనితోనే అయిపోతుంది.

ఎవరికి రాయాలి

డాబాగార్డెన్స్‌లోనో గాజువాకలోనో షోరూంలో కొంటే, అమ్మింది షోరూం, తయారుచేసింది కంపెనీ. ఇద్దరికీ రాయండి: ముఖ్యంగా కంపెనీకి, నకలు షోరూంకి. 'మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి' అని షోరూం అనే అవకాశం ఇవ్వొద్దు. బిల్లు మీద ఉన్న పూర్తి పేరు, చిరునామా యథాతథంగా దించుకోండి. బోర్డు మీద పేరు ఒకటి, బిల్లులో పేరు ఇంకొకటి ఉండటం మామూలే. రేపు కమిషన్‌కి వెళ్తే బిల్లులో పేరే పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో కొంటే ఇన్వాయిస్‌లో అమ్మినవారి పేరు వేరే ఉంటుంది. వెబ్‌సైటు వాళ్లకీ, ఆ అమ్మకందారుకీ ఇద్దరికీ రాయాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇలాంటి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ పేరూ వివరాలూ సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. సైటులో అడుగున చిన్న అక్షరాల్లో ఆ అధికారి ఈమెయిల్ ఉంటుంది. మీ ఉత్తరం అక్కడికే వెళ్లాలి.

కస్టమర్ కేర్ నంబరు కోసం మాత్రం ఇంటర్నెట్‌లో వెతికి, ముందు కనబడినదానికి ఫోన్ చేయకండి. దొంగ నంబర్లు పెట్టి, 'రిఫండ్ వేస్తాం, ఈ యాప్ వేసుకోండి' అని ఖాతా ఖాళీ చేసేవాళ్లున్నారు. డబ్బా మీదో, వారంటీ కార్డు మీదో, కంపెనీ సొంత యాప్‌లోనో ఉన్న నంబరే వాడండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఉత్తరం రాయడం

ఒక పేజీ దాటకూడదు. విషయం అన్న చోట 'ఫిర్యాదు' అని ఊరుకోకుండా వస్తువు, కంప్లైంట్ నంబరు, మీ కోరిక మూడూ ఒక్క లైనులో పెట్టండి. మొదటి పేరాలో ఏం కొన్నారు, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి. తర్వాత తేదీల జాబితాలోంచి ముఖ్యమైనవి. ఆ తర్వాత కంపెనీ చెప్పిన సాకుకి మీ జవాబు, ఆపైన కోరిక, గడువు.

సాకుకి జవాబు దగ్గర కాస్త ఆగుదాం. మన ఊళ్లో సాకులు రెండే: తుప్పు, వోల్టేజీ. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, భీమిలి రోడ్డు వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచల్నే తినేసే గాలి, పల్చటి కాయిల్‌ని వదులుతుందా? గ్యాస్ లీకైందని పిలిస్తే 'తుప్పు పట్టింది సార్, వారంటీలో రాదు' అంటారు. నోటితోనే అంటారు, రాసివ్వరు. మీ ఉత్తరంలో మూడు మాటలు అడగండి. తుప్పు వల్లనే లీకైందని పరీక్ష చేసి తేల్చారా, ఆ నివేదిక ఇవ్వండి. తుప్పుకి వారంటీ వర్తించదని వారంటీ కార్డులో ఏ నిబంధనలో ఉందో చూపండి. విశాఖలో ఈ మోడల్ అమ్మేటప్పుడు సముద్రం పక్కన పనికిరాదని నాకెవరూ చెప్పలేదు, పైగా మీ మనిషే వచ్చి ఆ గోడకి బిగించాడు. ఈ మూడో మాటకి బలముంది. సముద్రం ఒడ్డునున్న ఊళ్లో అమ్మిన సరుకు ఆ ఊరి గాలికి ఏడాదైనా తట్టుకోవాలని ఆశించడం కొనుక్కున్నవాడి హక్కు. వోల్టేజీ సాకు చెబితే ఆరోజు కొలిచిన రీడింగ్ ఎంతో జాబ్ షీటులో రాయమనండి. కొలవకుండా అన్న మాట అయితే అక్కడితో ఆగిపోతుంది.

నమూనా ఒకటి ఇస్తున్నాను. తేదీలు, అంకెలు ఊహించినవే, మీవి పెట్టుకోండి.

> విశాఖపట్నం,
> 20 ఏప్రిల్ 2026
>
> ఫిర్యాదుల అధికారి గారికి,
> (కంపెనీ పూర్తి పేరు, చిరునామా)
> నకలు: మేనేజరు గారు, (బిల్లులో ఉన్న షోరూం పేరు, చిరునామా)
>
> విషయం: స్ప్లిట్ ఏసీ (మోడల్, సీరియల్ నంబరు), కంప్లైంట్ నంబరు (…): లీకైన కాయిల్ ఉచితంగా మార్చడం గురించి.
>
> అయ్యా,
>
> పై ఏసీని నేను 14 జూన్ 2025న మీ డీలరు వద్ద రూ.38,500కి కొన్నాను. 16 జూన్ 2025న మీ టెక్నీషియన్ వచ్చి బిగించారు. వారంటీ కార్డు ప్రకారం ఏడాది పూర్తి వారంటీ ఉంది.
>
> 9 మార్చి 2026న ఏసీ చల్లబరచడం ఆగిపోయింది. 12 మార్చిన మీ టెక్నీషియన్ గ్యాస్ నింపారు. 2 ఏప్రిల్‌న మళ్లీ అదే సమస్య వచ్చింది. 5 ఏప్రిల్‌న వచ్చిన టెక్నీషియన్, ఔట్‌డోర్ యూనిట్ కాయిల్ లీకవుతోందనీ, తుప్పు వల్ల కాబట్టి వారంటీ రాదనీ నోటిమాటగా చెప్పారు. ఏ పరీక్షా చేయలేదు, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వలేదు. 7 ఏప్రిల్‌న ఫిర్యాదు పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది. ఏసీ నేటికీ పనిచేయడం లేదు.
>
> తుప్పే కారణమని తేల్చిన నివేదిక, అందుకు వారంటీ వర్తించదని చెప్పే నిబంధన నాకు ఇంతవరకూ చూపలేదు. విశాఖపట్నంలో ఈ ఏసీని అమ్మి, బిగించింది మీరే. ఇక్కడి గాలికి పనికిరాదని అమ్మేటప్పుడు చెప్పలేదు.
>
> కాబట్టి 5 మే 2026లోగా కాయిల్‌ని, లేదా ఔట్‌డోర్ యూనిట్‌ని ఉచితంగా మార్చి ఇవ్వగలరు. అది కుదరదంటే కారణం రాతపూర్వకంగా తెలపగలరు. ఆ తేదీలోగా పరిష్కారం కాకపోతే వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద నాకున్న మార్గాలు చూసుకుంటాను.
>
> జతపరచినవి: బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు రెండు, మెసేజ్ స్క్రీన్‌షాట్, ఫోటోలు (నకళ్లు).
>
> భవదీయులు,
> (పేరు, చిరునామా, ఫోన్)

ఇందులో ఎక్కడా 'మోసం', 'దొంగలు', 'సిగ్గులేదా' లేవు చూశారా. కోపం రాకూడదని కాదు. మండుటెండలో పసిపిల్లలతో, పెద్దవాళ్లతో ఉక్కపోతలో గడిపితే ఎవరికైనా వస్తుంది. ఆ కోపమంతా ఒక చిత్తు కాగితం మీద రాసుకోండి, ఒక రాత్రి ఆగండి, పొద్దున్న తేదీలు తప్ప మిగతావి కొట్టేయండి. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉంటే అది రాయొచ్చు: 'ఇంట్లో 78 ఏళ్ల మా అమ్మ మంచాన ఉన్నారు' అన్నది సమాచారం. నిజమైతేనే రాయాలి.

కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లోనో పుణేలోనో ఉంటే ఇంగ్లీషులో పంపాల్సి వస్తుంది. అప్పుడు కూడా ముందు తెలుగులోనే రాసుకోండి. ఏం జరిగిందో మన మాటల్లో తేటగా పడ్డాక, చదువుకుంటున్న పిల్లలెవరైనా చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టేస్తారు. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే ఆఫీసు పదాలు నిండి, అసలు సంగతి తప్పిపోతుంది.

పంపడం

ఈమెయిల్ పంపండి, దానితోపాటు పోస్టులో కూడా పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్టు అనే అడిగి, అందినట్టు రుజువు కావాలని చెప్పండి. రసీదు మీద ట్రాకింగ్ నంబరు ఉంటుంది. ఉత్తరం చేరాక ఆ ట్రాకింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచండి. అసలు బిల్లు, అసలు వారంటీ కార్డు ఎవరికీ పంపకండి. షోరూంకి చేతికిస్తే మీ నకలు మీద సంతకం, స్టాంపు వేయించుకోండి.

ఉత్తరం చేరిన తర్వాత చాలాసార్లు ఫోన్ వస్తుంది. 'సార్, పార్టు ఆర్డర్ పెట్టాం, వారంలో వస్తుంది' అంటారు. మంచిదే, వినండి. ఫోన్ పెట్టేశాక 'ఈరోజు మీరు ఫోన్‌లో వారంలో పార్టు వేస్తామన్నారు, ధన్యవాదాలు' అని పాత మెయిల్‌కే జవాబుగా రెండు లైన్లు పంపండి. అన్న మాట అప్పుడు కాగితం మీదికొస్తుంది. సగం ఖర్చు భరించమంటే వెంటనే ఒప్పుకోకండి, అదే మాట రాసి పంపమనండి.

గడువు దాటితే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కోర్టు కాదు కాబట్టి తీర్పు ఇవ్వరు. అయినా చాలా సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. అప్పుడు మీ ఉత్తరం, జతపరచినవి సిద్ధంగా ఉంటే పని పది నిమిషాలు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషనే చూస్తుంది, 5 లక్షల దాకా ఫీజు లేదు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా సరే, మీరు నివసించే చోటో, ఉద్యోగం చేసే చోటో వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. అంటే విశాఖ మనిషి విశాఖలోనే వేసుకోవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయొచ్చు. గడువు మాత్రం సమస్య తలెత్తినప్పటినుంచి రెండేళ్లు. 'ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను కదా' అని కూర్చుంటే ఆ రెండేళ్లు ఆగవు.

ఈ చట్టం వ్యాపారానికి కొన్నవాళ్లకి వర్తించదు. అయితే బతుకుతెరువు కోసం స్వయంగా పనిచేసుకునేవాళ్లకి మినహాయింపు ఉంది. ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపు తానే నడుపుకునే మనిషి కొన్న మెషిన్ చెడిపోతే అతనూ వినియోగదారుడే. ఉత్తరంలో 'నా జీవనోపాధికి, నేనే నడుపుకోవడానికి కొన్నాను' అని ఒక వాక్యం తప్పకుండా పెట్టాలి.

బిల్లు అడుగున 'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అని అచ్చు వేసి ఉందని చాలామంది వెనక్కి తగ్గిపోతారు. తగ్గక్కర్లేదు. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే అంటోంది. రంగు నచ్చలేదని వెనక్కిచ్చే విషయం వేరు.

బ్యాంకు మీద ఫిర్యాదయితే దారి వేరు. ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) వెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు. కరెంటు బిల్లు సంగతికి ముందు మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నంబరు 1912, తర్వాత వాళ్ల వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఎక్కడికి రాసినా సర్వీసు నంబరు మొదటి లైనులోనే ఉండాలి.

సమస్య తీరి కొత్త యూనిట్ వచ్చిందంటే ఆరోజే దాని సీరియల్ నంబరు ఫోటో తీయండి. మార్చి ఇచ్చినదానికి వారంటీ కొత్తగా మొదలవుతుందా, పాతదే కొనసాగుతుందా అని మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. ఫైలుని ఆ వారంటీ అయ్యేదాకా పారేయకండి.